ఇంటికొచ్చి చూసే పాలియేటివ్ కేర్: అమ్మ కోసం పెట్టుకున్న సర్వీసు మీద నా రివ్యూ

నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ళకి నొప్పీ బాధా తగ్గించడానికి ఇంటికే వచ్చి చూసే పాలియేటివ్ కేర్ సర్వీసు ఒకటి మా అమ్మ కోసం పెట్టుకున్నాం. కొన్ని నెలలుగా వాళ్ళు వస్తున్నారు. అమ్మకి పాంక్రియాస్ (క్లోమం) కాన్సర్. కాలేయానికి పాకింది, కీమో ఆపేశారు. అమ్మ ఇంకా ఉంది. ఇది రాస్తుంటే పక్కగదిలోంచి ఆమె దగ్గు వినిపిస్తోంది. అంతా అయిపోయాక రాయొచ్చు కదా అని నా స్నేహితురాలు అంది. అప్పటికి నాకు దుఃఖం తప్ప ఇంకేదీ గుర్తుండదేమో. ఇప్పుడైతే ఏ మందు ఎప్పుడు పనిచేసింది, ఎవరు ఎలా మాట్లాడారు, ఎక్కడ ఇబ్బంది పడ్డాం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్ళకి కావలసినవి అవే.

సర్వీసు పేరు రాయడం లేదు. నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి, వాటిలో కొన్ని వాళ్ళు సరిచేసుకున్నారు కూడా. పైగా మీరుండే చోట మీకు దొరికే సర్వీసు వేరే అయి ఉంటుంది. అందుకని ఇలాంటి సర్వీసు ఏం చేయగలదు, దాని నుంచి మనం ఏం అడిగి తీసుకోవాలి అన్నదే రాస్తున్నాను. నా మార్కులు అయిదుకి నాలుగు. ఆ నాలుగూ మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

నా సంగతి కూడా కొంత చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ సగమే అర్థమవుతుంది. చాలా ఏళ్ళ కాపురం ముగించుకుని, బట్టలు సర్దుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. పెళ్ళికి ముందు అకౌంట్స్ పని చేసేదాన్ని. ఇన్నేళ్ళలో ఆ పని తీరే మారిపోయింది. నాకంటే చాలా చిన్నవాళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటరూ అమ్మ స్కాన్ రిపోర్టూ ఒకే వారంలో చేతికొచ్చాయి. ఇంట్లో ఉన్నది ఒకటే ఫైలు, రెండూ అందులోనే పెట్టాను.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు అన్న మాట ఒకటే. ఉద్యోగం ఎప్పుడైనా వస్తుంది, అమ్మ మళ్ళీ రాదు, మానేసి చూసుకో. వాళ్ళు ప్రేమతోనే అన్నారు. కానీ నలభై దాటిన ఆడది, ప్రొబేషన్‌లో ఉండగానే మానేస్తే, ఆ తర్వాత ఏం చేసి బతకాలో వాళ్ళెవరూ చెప్పలేదు. ఈ రెంటిలో ఏదో ఒకటి వదులుకోవలసిందే అని నేనూ అనుకుంటున్న రోజుల్లో ఈ సర్వీసు వాళ్ళు మొదటిసారి ఇంటికొచ్చారు.

ఆ మొదటి రోజు గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే మంచి సర్వీసో కాదో అక్కడే తెలిసిపోతుంది. ఒక డాక్టరు, ఒక నర్సు వచ్చారు. ఇద్దరూ ఫైలు తెరవలేదు. డాక్టరుగారు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, అమ్మ కళ్ళకి సూటిగా కనబడేలా కూర్చుని, "మీ జబ్బు గురించి మీకేం తెలుసమ్మా?" అని అడిగారు. తర్వాత, "ఇంకా ఏమైనా తెలుసుకోవాలనుందా, వద్దా?" అన్నారు. ఆ తర్వాత, "ఇప్పుడు మీకు అన్నింటికంటే ఏది ముఖ్యం?" అన్నారు. అడిగి ఊరుకున్నారు. జవాబు నేనివ్వబోతే నర్సు నా చెయ్యి మెల్లగా నొక్కింది.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఇది తగ్గదని తెలుసండీ. ఎన్నాళ్ళో మాత్రం చెప్పకండి. అమ్మాయి సాయంత్రం ఆఫీసునుంచి వచ్చేసరికి నేను మెలకువగా ఉండాలి. అది ఆ రోజు ఏం చేసిందో నాకు చెప్పాలి, నేను వినాలి."

జబ్బు బయటపడినప్పటినుంచీ అమ్మని ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి, ఎన్నిసార్లు వాంతి అయింది అని అడిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఏం కావాలమ్మా అని అడిగింది వీళ్ళే. డాక్టరుగారు ఆ మాటల్ని యథాతథంగా కేసు షీటు పైన రాసుకున్నారు. మందుల చీటీ ఆ తర్వాత రాశారు, ఆ మాటలకి తగ్గట్టుగా రాశారు. అది ఎలాగో చెప్తాను.

ముందు నొప్పి సంగతి. పాంక్రియాస్ పొట్టలో వెనకవైపు, వెన్నెముకకి దగ్గరగా ఉంటుంది, దాని వెనకే పెద్ద నరాల గుంపు ఉంటుంది. అందుకే ఈ నొప్పి పొట్టలో మొదలై వీపులోకి తొలుచుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. అమ్మ రాత్రంతా దిండు ఒళ్ళో పెట్టుకుని దానిమీదికి వంగి కూర్చునేది. నర్సు అది చూడగానే, ఎవరూ చెప్పకుండానే, మంచం మీదికి జరిగే బల్ల ఒకటి తెప్పించింది. దానిమీద దిండు వేసి తల ఆనించుకోవచ్చు. ఆ నరాల గుంపుకే ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తెలియకుండా చేసే పద్ధతి కూడా ఉందని, మాత్రలు చాలకపోతే దాని గురించి ఆలోచిద్దామని డాక్టరుగారు చెప్పారు. మాకు ఇంతవరకు ఆ అవసరం రాలేదు.

మాకు మార్ఫిన్‌తో సరిపోయింది. ఆ పేరు వినగానే నాకు గుండె ఆగినంత పనైంది. మార్ఫిన్ అంటే ఇక చివరి రోజులనీ, అలవాటైపోతుందనీ, ప్రాణం తొందరగా పోతుందనీ నేను వింటూ వచ్చినదాన్ని. నర్సు నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళి ఓపిగ్గా చెప్పింది. నొప్పి ఉన్న మనిషికి, ఆ నొప్పికి సరిపడా డోసుతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచితే అది ప్రాణం తీయదు. నొప్పి వచ్చాక పరుగెత్తుకుని ఇవ్వకూడదు, రాకముందే గడియారం చూసి ఇవ్వాలి. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే ఆసుపత్రి) మొదలుపెట్టిన డాక్టర్ సిసిలీ సాండర్స్ పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతి ఇది. ఆమె ముందు నర్సు, తర్వాత సోషల్ వర్కరు, ఆ తర్వాతే డాక్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో కాన్సర్ నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది: వీలైనంతవరకు నోటితో, వేళ తప్పకుండా, నొప్పి స్థాయిని బట్టి మెట్టు మెట్టుగా.

మొదట 4 గంటలకోసారి చిన్న డోసు ఇచ్చాం. ఎంత సరిపోతోందో తేలాక 12 గంటలు పనిచేసే మాత్రలకి మార్చారు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇవ్వడానికి ఎక్స్‌ట్రా డోసు వేరే పెట్టారు. అది సాధారణంగా రోజు మొత్తం డోసులో ఆరో వంతు దాకా ఉంటుందట. మీ ఇంట్లో ఎంతన్నది మీ డాక్టరే చెప్పాలి. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టారు. ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. మార్ఫిన్ వల్ల వచ్చే వికారం, మగత కొన్ని రోజుల్లో చాలామందికి తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, మందు వాడినన్నాళ్ళూ ఉంటుంది. మీకు మార్ఫిన్ రాసిచ్చి దానికి మందు రాయకపోతే అక్కడికక్కడే అడగండి.

ఇక సాయంత్రం మెలకువ సంగతి. ఆకలికి, నీరసానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర పొద్దున్నే వేయమన్నారు, సాయంత్రం వేస్తే రాత్రి నిద్ర చెడుతుందని. వాంతులు ఆగడానికి ఇచ్చేది కాస్త మగత తెస్తుంది కాబట్టి పడుకునే ముందుకి మార్చారు. నర్సు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం లాంటి అలసట పనులన్నీ పొద్దున పూటే ముగించేది, అమ్మ మధ్యాహ్నం నిద్రపోయేలా. నేను తాళం తీసేసరికి దిండుకి ఆనుకుని కూర్చుని ఉండేది అమ్మ. మొదటిసారి అలా చూసినప్పుడు నాకు మాట రాలేదు. "ఊఁ, చెప్పవే," అంది. ఆ రోజు బ్యాంక్ ఎంట్రీలు సరిపోక ఎంత తంటాలు పడ్డానో అంతా చెప్పాను. మధ్యలో ఆపి ప్రశ్నలడిగింది. మా మేనేజరు స్వభావం అమ్మకి ఇప్పుడు నాకంటే బాగా తెలుసు.

ఒక మనిషి కోరికని మందుల వేళల్లోకి మార్చగలగడం, నా దృష్టిలో ఈ సర్వీసు చేసిన అతి పెద్ద పని. నాలుగు మార్కుల్లో రెండు దానికే.

ఎయిర్ బెడ్ వాళ్ళే ఇచ్చారు. పరుపులో గొట్టాల్లాంటి అరలుంటాయి, వాటిలో కొన్ని ఉబ్బుతుంటే కొన్ని తగ్గుతుంటాయి, అలా ఒంటిమీద ఒత్తిడి ఒకేచోట పడకుండా మారుతూ ఉంటుంది. మోటారు సన్నగా మోగుతూనే ఉంటుంది, రెండు రాత్రులకి అలవాటైపోతుంది. మనిషి బరువుని బట్టి గాలి సెట్ చేయాలి. అమ్మ బరువు తగ్గుతున్నకొద్దీ మళ్ళీ మళ్ళీ మార్చాల్సి వచ్చింది. దానిమీద మెత్తగా ఉంటుందని మడతలు మడతలుగా దుప్పట్లు పరిస్తే పరుపు చేసే పని పోతుంది, పల్చటి దుప్పటి ఒకటి చాలు, అదీ బిగించి లోపలికి దోపకూడదు. పరుపు ఉంది కదా అని పక్కకి తిప్పడం మానకూడదు. ఇవన్నీ నర్సు చేసి చూపించింది. పరుపు ఇచ్చి వెళ్ళిపోయే అద్దె దుకాణానికీ వీళ్ళకీ తేడా అదే.

తిండి విషయంలో నేను అడిగిన ప్రశ్నలకి వాళ్ళు విసుక్కోకుండా జవాబిచ్చారు. పాంక్రియాస్ జీర్ణరసాలు పేగులోకి సరిగ్గా చేరకపోతే తిన్నది ఒంటబట్టదు, విరేచనం జిడ్డుగా అవుతుంది. దానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ ఇచ్చారు. అవి తిన్నాక కాదు, తినడం మొదలుపెట్టినప్పుడే వేయాలి. మాకు ఇంతకుముందు మందులిచ్చినవాళ్ళు ఈ మాట చెప్పలేదు. కడుపుబ్బరం వారంలోనే తగ్గింది. కానీ ఆకలి తిరిగి రాలేదు. అమ్మ నాలుగు చెంచాలు తిని చాలనడం చూసి నాకు ఏడుపొచ్చేది. "తినకపోవడంవల్ల ఆమె నీరసపడటం లేదమ్మా, జబ్బు వల్ల ఒంటికి తిండి అక్కర్లేకుండా పోతోంది, బలవంతంగా పెడితే వాంతే మిగులుతుంది," అంది నర్సు. ఆ మాట నేను నమ్మడానికి టైమ్ పట్టింది. నమ్మాక మాత్రం తినే వేళలు మా ఇద్దరికీ యుద్ధంలా లేకుండా పోయాయి.

ఇక ఫిర్యాదులు. రాత్రిపూట ఫోన్ లైను వీళ్ళ బలహీనత. అమ్మకి కామెర్లు వచ్చినప్పుడు పైత్యరసం పేగులోకి వెళ్ళే నాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేశారు. అది మూసుకుపోతే చలితో జ్వరం రావచ్చు, అలా వస్తే ఏ వేళైనా వెంటనే ఫోన్ చేయమని వీళ్ళే రాసిచ్చారు. ఒక అర్ధరాత్రి సరిగ్గా అలాగే వచ్చింది. పళ్ళు కొట్టుకునేంత వణుకు. ఫోన్ ఎత్తిన అబ్బాయి పేషెంటు పేరు, వయసు, ఏం జబ్బు, ఎప్పటినుంచి, ఏయే ఆపరేషన్లు అంటూ మొదలుపెట్టాడు. ఇదంతా మీ దగ్గరే ఉంది కదా బాబూ అంటే, సిస్టమ్ ఓపెన్ కావడం లేదు మేడమ్ అన్నాడు. అమ్మ వణుకుతోంది, నేను ఆమె చరిత్ర మొత్తం అప్పజెబుతున్నాను. ఆ టెన్షన్ ఎవరికీ రాకూడదు. డాక్టరు తిరిగి ఫోన్ చేశాక మాత్రం మాట సూటిగా ఉంది. హాస్పిటల్‌కి వెళ్ళి స్టెంట్ మార్పించుకోవచ్చు, లేదా ఇంట్లోనే యాంటిబయాటిక్ మొదలుపెట్టి చూడొచ్చు, ఏది చేస్తే ఏం జరగొచ్చో ఇది, అమ్మనే అడగండి అన్నారు. అమ్మ ఇంట్లోనే అంది. తెల్లారకముందే నర్సు మందు తీసుకుని వచ్చింది. జ్వరం దిగింది. అయినా ఆ ఫోన్ గురించి నేను రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. అరగంట ఆలస్యం కూడా చాలా పెద్దది.

రెండోది, సెలవు రోజుల్లో వేరే నర్సులు వస్తారు. వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఒక్కొక్కరూ వచ్చి, "ఏం జబ్బమ్మా, ఎలా మొదలైంది?" అని అమ్మనే అడిగేవారు. అమ్మ మొదటినుంచి చెప్పుకొచ్చేది. చెప్పాక ఆ పూటంతా గోడ వైపు తిరిగి పడుకునేది.

మూడోది చిన్నదే అనిపిస్తుంది, కానీ నన్ను బాధపెట్టింది. గుండె ఆగితే మళ్ళీ కొట్టుకునేలా చేసే ప్రయత్నం వద్దు అని సంతకం పెట్టే కాగితం గురించి ఒక కో-ఆర్డినేటరు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగింది. ఆ మాట కూర్చుని మాట్లాడాలి. తర్వాత డాక్టరుగారు వచ్చి, అమ్మతోనూ నాతోనూ గంటసేపు కూర్చుని, క్షమాపణ చెప్పి, మళ్ళీ మొదటినుంచి మాట్లాడారు. అమ్మ స్పష్టంగా వద్దంది, సంతకం పెట్టింది. డాక్టరుగారు అలా మాట్లాడి ఉండకపోతే నేను ఈ రివ్యూలో ఇంకో మార్కు తగ్గించేదాన్ని.

ఇప్పుడు మందులకి సంబంధించని సంగతి. కొన్ని వారాలు బాగున్నాక అమ్మ నొప్పి మళ్ళీ పెరిగింది. డోసు పెంచారు, ఇంకోసారి పెంచారు. పగలు ఫరవాలేదు, రాత్రయితే ఎక్స్‌ట్రా డోసు మీద ఎక్స్‌ట్రా డోసు అడిగేది. స్కాన్‌కి పంపుతారేమో అనుకున్నాను. డాక్టరుగారు సోషల్ వర్కరుని పంపారు. సిసిలీ సాండర్స్ చెప్పిన ఇంకో మాట ఏమిటంటే, చావుకి దగ్గరైన మనిషి నొప్పి ఒంట్లోదే కాదు, మనసులోది, ఇంటి పరిస్థితులది, దేవుడితోనో బతుకుతోనో ఉన్న లెక్కలది కూడా అందులో కలిసి ఉంటుంది. అన్నీ కలిపి చూడకపోతే మందు ఒక్కటే చాలదు. సోషల్ వర్కరు అమ్మ దగ్గర ఒక మధ్యాహ్నమంతా కూర్చుంది. నేను ఆఫీసునుంచి వచ్చాక, "అమ్మ మీతో ఒక మాట చెప్పాలనుకుంటున్నారు, నన్ను కూడా ఉండమన్నారు," అంది.

అమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "నేను పోయాక ఒంటరిగా ఉండలేక, భయపడి, మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిపోతావేమోనని."

నేను అనుకున్నదేమిటంటే, అమ్మకి చావంటే భయం అని. రాత్రుళ్ళు ఆమె పక్కన కూర్చుని దాని గురించే ధైర్యం చెప్తూ వచ్చాను. ఆమె నా గురించి భయపడుతోంది. "వెళ్ళనమ్మా," అన్నాను. ఆ ఒక్క మాట చాలదని నాకే అనిపించింది. ఫైల్లోంచి నా మొదటి జీతం స్లిప్పు తీసుకొచ్చి చేతిలో పెట్టాను. కళ్ళజోడు అడిగింది. ఒక్కో లైనూ నాచేత చదివించుకుంది. కోత దేనికి, ఇది దేనికి, ఇంటి అద్దె కడితే ఎంత మిగులుతుంది అని అడిగింది. నేను లెక్క చెప్పాను. అకౌంట్స్ మనిషిని కదా, నెల నెలా ఎలా నడుస్తుందో కాగితం మీద వేసి చూపించాను. ఆ తర్వాత కూడా నొప్పి ఉంది, మందులూ ఉన్నాయి, కానీ రాత్రుళ్ళు ఎక్స్‌ట్రా డోసులు అడగడం బాగా తగ్గింది. మందుల చార్టులో అది కనిపిస్తుంది, నేను ఊహించి చెప్పడం లేదు.

అదే సోషల్ వర్కరు నా ఆఫీసుకి ఉత్తరం రాసిచ్చింది. ఫోన్ టేబుల్ మీద పెట్టుకోవడానికి, అవసరమైతే గంట ముందు వెళ్ళడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. మధ్యాహ్నాలు కూర్చోవడానికి ఒక వాలంటీరుని పంపుతున్నారు. పెద్దావిడ, ఎక్కువ మాట్లాడరు, పుస్తకం చదువుకుంటూ కూర్చుంటారు. అమ్మకి ఆమె దగ్గర చనువు ఏర్పడింది. నా చిన్నప్పటి సంగతులు ఆమెకి చెప్పిందట, వాటిలో కొన్ని నాకే తెలియవు. కౌన్సెలర్ ఒకామె మాత్రం నాతో కుదరలేదు. అమ్మ గురించి మాట్లాడదామని కూర్చుంటే ప్రతిసారీ నా విడాకుల్లోకి వెళ్ళేది. నాకు ఇప్పుడు ఆ విషయం వద్దని చెప్పాను, మానేశాను. అలా వద్దనుకునే హక్కు ఉందని, దానివల్ల మిగతా సేవలేవీ ఆగవని సోషల్ వర్కరు స్పష్టంగా చెప్పింది. అది నచ్చింది.

ముందు ముందు ఏం జరుగుతుందో కూడా నర్సు నాకు చెప్పింది, నేను అడిగితేనే. చదువుతున్నవాళ్ళలో కొందరికి ఇది వద్దనిపించవచ్చు, అలాంటివాళ్ళు తర్వాతి పేరాకి వెళ్ళండి. నిద్ర ఎక్కువవుతుంది. మింగడం కష్టమవుతుంది, అప్పుడు మందులు చర్మం కింద సన్నటి సూదితో, చిన్న పంపు ద్వారా 24 గంటలూ కొంచెం కొంచెంగా ఇస్తారు. నీళ్ళు తాగలేకపోతే పెదాలు, నోరు తడి చేస్తుండాలి. చేతులు, పాదాలు చల్లబడతాయి, మోకాళ్ళ దగ్గర చర్మం మచ్చలు మచ్చలుగా మారవచ్చు. ఊపిరి మధ్య మధ్యలో ఆగి మళ్ళీ వస్తుంది. గొంతులో గురగుర వినిపించవచ్చు, వినేవాళ్ళకి భయంగా ఉంటుంది కానీ స్పృహలో లేని మనిషికి దానివల్ల బాధ ఉండకపోవచ్చు. పక్కకి తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. పలకకపోయినా మాట్లాడుతూ ఉండమంది. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు హాస్పిస్‌లో చివరి గంటల్లో ఉన్నవారి మెదడు తరంగాలు చూశారు. పైకి ఏ స్పందనా లేనివారిలో కూడా కొందరి మెదడు శబ్దాలకి స్పందిస్తూనే ఉంది. ఇవన్నీ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ ఇప్పుడు అమ్మ నిద్రలో ఊపిరి మారితే నేను ఇదివరకటిలా హడలిపోవడం లేదు.

ఇలాంటి సర్వీసుని ఎప్పుడు పిలవాలి అని అడిగితే, వైద్యం నడుస్తుండగానే అంటాను. పాలియేటివ్ కేర్ అంటే అన్నీ ఆపేసి చావుకోసం ఎదురుచూడటం అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. బోస్టన్‌లో మాసచూసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు ముదిరిన ఊపిరితిత్తుల కాన్సర్ ఉన్న 151 మంది మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. జబ్బు తెలిసిన కొత్తలోనే మామూలు వైద్యంతో పాటు పాలియేటివ్ కేర్ అందినవాళ్ళలో దిగులు తక్కువగా ఉంది, రోజులు మెరుగ్గా గడిచాయి. వాళ్ళు బతికిన కాలం మధ్యస్థంగా 11.6 నెలలు, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్ళు 8.9 నెలలు. అది వేరే కాన్సర్, అమ్మకి అదే లెక్క వర్తిస్తుందని నేననను. కానీ ఈ సేవ తీసుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందన్న భయానికి అది గట్టి జవాబు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి ఈ సేవ అవసరం, అందుతున్నది వాళ్ళలో సుమారు 14 శాతానికే. దొరికే చోట ఉండి కూడా భయపడి పిలవకపోవడం బాధాకరం.

పిలిచేముందు ఫోన్‌లోనే కొన్ని అడగండి. రాత్రి ఫోన్ ఎత్తేవాళ్ళకి పేషెంటు రికార్డు కనబడుతుందా, డోసు మార్చే అధికారం ఉన్న డాక్టరు ఎంతసేపట్లో తిరిగి ఫోన్ చేస్తారు అన్నది మొదటి ప్రశ్న. మార్ఫిన్ వాళ్ళే ఇస్తారా, అయిపోకముందు తెచ్చిస్తారా, మిగిలినవి లెక్కచూసి వెనక్కి తీసుకుంటారా? మా వాళ్ళు ప్రతి మాత్రా లెక్కపెడతారు, అది మంచి అలవాటే. ఎక్కువగా వచ్చే నర్సు ఒకరే ఉంటారా? ప్రాణం ఇంట్లోనే పోతే డెత్ సర్టిఫికెట్‌కి ఎవరు వస్తారు? ఇది అడగడానికి నోరు రాదు, అయినా ముందే అడగాలి. ఆ తర్వాత మిగిలినవాళ్ళకి ఫోన్ చేసి పలకరించే ఏర్పాటు ఉందా అని కూడా. మీకు ఉద్యోగం ఉంటే ఆ వేళలు మొదటి రోజే చెప్పండి. నేను సిగ్గుపడుతూ చెప్పాను, వాళ్ళు మాత్రం అది మామూలు విషయంలా రాసుకుని, నర్సు వచ్చే టైమ్ దాన్ని బట్టే పెట్టారు.

తగ్గించిన ఒక మార్కూ రాత్రి ఫోన్‌కీ సెలవు రోజు మార్పులకీ. ఫోన్ సంగతి చూస్తున్నామన్నారు, ఇంకా పూర్తిగా బాగుపడలేదు. రెండోదానికి మాత్రం అమ్మే పరిష్కారం చెప్పింది. తన జబ్బు కథ నాచేత ఒక పేజీలో రాయించి, కింద తను సంతకం పెట్టి, ఫైలుకి ముందు అతికించమంది. "ముందు ఇది చదవండి. ఆ తర్వాత ఇవాళ ఎలా ఉందో నన్నడగండి," అని మొదటి లైను. పోయిన సెలవు రోజున వచ్చిన కొత్త నర్సు అది చదివాకే మంచం దగ్గరికి వెళ్ళింది. మా సర్వీసు వాళ్ళు ఇప్పుడు మిగతా ఇళ్ళలో కూడా అలాంటి పేజీ పెట్టిస్తున్నారు. మీరు పెట్టుకోబోయే సర్వీసు ఏదైనా, ఆ పేజీ ముందే రాసి ఉంచండి.